శాంతి విజయం (వంతులవారీ వ్యూహక్రీడలు)

కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడే వ్యూహక్రీడల్లో ప్రత్యర్థుల రాజ్యాలను ఆక్రమించకుండానే ఆట గెలిచే పద్ధతిని శాంతి విజయం అంటారు. విజ్ఞానం, సంస్కృతి, మతప్రచారం, రాయబారం, వ్యాపారం ఇందుకు దారులు. ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1991లో మొదలైన 'సివిలైజేషన్' ఆటల వరుస. ఒక జాతిని రాతియుగం నుంచి అంతరిక్షయుగం దాకా నడిపించడం అందులో ఆటగాడి పని. మన ఎత్తులన్నీ వేసి వంతు ముగించాక యంత్రం నడిపే ప్రత్యర్థులు తమ వంతు తీసుకుంటారు. తొందరేమీ ఉండదు కనుక కూర్చుని ఆలోచించుకోవచ్చు. కత్తి దూయకుండా గెలవాలనుకునేవారికి ఈ తీరిక చాలా అవసరం.

పేరు చూసి ఆటంతా ప్రశాంతంగా సాగుతుందనుకుంటే పొరపాటు. ఇక్కడ శాంతి అన్నది గెలుపు గీతకే వర్తిస్తుంది, దారి పొడుగునా కాదు. యుద్ధంలో గెలుపును లెక్కపెట్టడం తేలిక: ఎదుటివాడు మిగిలాడా, లేదా? యుద్ధం లేని గెలుపుకు మాత్రం దేన్ని కొలవాలో ఆట రూపొందించేవారే తేల్చాలి. మొదట అంతరిక్ష ఓడను కొలిచారు, తర్వాత ఓట్లను, ఆపైన సంస్కృతిని, చివరికి పర్యాటకులను. కొలత మారినప్పుడల్లా ఆటగాళ్లు దాన్ని డబ్బుతోనో సైన్యంతోనో వశం చేసుకునే ఉపాయం కనిపెడుతూ వచ్చారు. శాంతి విజయం చరిత్ర చాలావరకు ఈ దాగుడుమూతల చరిత్రే.

పూర్వరంగం

చంపకుండా గెలవడం ఆటలకు కొత్త కాదు. మన పులిజూదంలో పులి మేకల మీంచి దూకి వాటిని తింటుంది. మేక మాత్రం ఏ పులినీ చంపదు. అన్నీ కలిసి పులులకు కదలిక లేకుండా కట్టేస్తే చాలు, గెలుపు మేకలదే. అయితే వ్యూహక్రీడలు ఈ వంశంలోంచి రాలేదు. వాటి పుట్టిల్లు పటాల మీద సైన్యాలను జరిపే యుద్ధక్రీడలు. వాల్టర్ బ్రైట్ 1977లో రాసిన 'ఎంపైర్' కంప్యూటర్ ఆటల్లో ఈ కోవకు తొలి పెద్ద నమూనా. నగరాలు పట్టుకోవడం, వాటిలో సైన్యం తయారుచేయడం, ఆ సైన్యంతో మరిన్ని నగరాలు పట్టుకోవడం. అంతకుమించి గెలుపు మార్గం అందులో లేదు.

రెండో మూలం ఇంగ్లండ్‌లో ఉంది. ఫ్రాన్సిస్ ట్రెషమ్ 1980లో 'సివిలైజేషన్' పేరుతోనే ఒక బల్లాట తెచ్చాడు. మధ్యధరా సముద్ర తీరాల్లోని ప్రాచీన జాతులు అందులో పాత్రలు. ఇరుగుపొరుగు మధ్య పోరు ఉంటుంది గానీ దానివల్ల ఎవరూ గెలవరు. నగరాలు కట్టి, సరుకుల చీట్లు మార్చుకుని, ఆ సంపదతో కళలూ విద్యలూ కొని, యుగాల పట్టిక చివరికి చేరినవాడిదే గెలుపు. ఈ సరుకుల బేరంలో ఒక తమాషా ఉంది: చీట్ల మధ్యలో విపత్తులు కూడా దాగి ఉంటాయి, వాటిలో కొన్నింటిని ఎదుటివాడికి అంటగట్టవచ్చు. సంతలో పుచ్చు వంకాయ అంటగట్టినట్టే. అమెరికాలో ఈ ఆటను అవలాన్ హిల్ సంస్థ ప్రచురించింది. ఆ సంస్థలో పనిచేసిన బ్రూస్ షెల్లీ తర్వాతి రోజుల్లో మైక్రోప్రోజ్ అనే కంప్యూటర్ ఆటల సంస్థకు వచ్చి, కంప్యూటర్ 'సివిలైజేషన్' రూపకర్త సిడ్ మైయర్‌కు సహచరుడయ్యాడు.

ఓడ

కెనడాలో పుట్టిన సిడ్ మైయర్ 1982లో బిల్ స్టీలీతో కలిసి మేరీలాండ్‌లో మైక్రోప్రోజ్ సంస్థను స్థాపించాడు. విమానయుద్ధాల ఆటలతో ఆ సంస్థకు పేరొచ్చింది. 1990లో 'రైల్‌రోడ్ టైకూన్' చేశాక మైయర్, షెల్లీ ఇద్దరూ మొత్తం మానవచరిత్రనే ఆటగా మలచడానికి పూనుకున్నారు. మొదటి నమూనా వంతులవారీది కాదు, 'సిమ్‌సిటీ'లా దానంతటదే కాలం కదిలే ఆట. ఆటగాడు కర్తగా కాక ప్రేక్షకుడిగా మిగిలిపోతున్నాడని గ్రహించి మైయర్ దాన్ని వంతులవారీకి మార్చాడు.

1991 నాటి సివిలైజేషన్‌లో గెలుపు రెండు రకాలు. అందరినీ జయించడం ఒకటి. ఆల్ఫా సెంటారీ నక్షత్రానికి మనుషులను చేర్చే అంతరిక్ష నౌకను అందరికంటే ముందు గమ్యానికి చేర్చడం రెండోది. సోవియట్ యూనియన్ కూలిన ఏడాదే వచ్చిన ఆట ఇది. అప్పటిదాకా అగ్రరాజ్యాలు రెండూ నేరుగా తలపడకుండా ఆధిక్యం చూపించుకున్న రంగాల్లో ముఖ్యమైనది అంతరిక్షమే. శాంతి విజయానికి రాకెట్ గుర్తు కావడంలో ఆశ్చర్యం లేదు.

ఓడ కట్టాలంటే ముందు అపోలో కార్యక్రమం అనే మహానిర్మాణం పూర్తి చేయాలి. తర్వాత చట్రం, ఇంజిన్లు, ఇంధనం, నివాసపు గదులు, సౌరఫలకాలు ఒక్కొక్కటిగా నగరాల్లో తయారుచేయాలి. ఎగిరాక ప్రయాణానికి కొన్నేళ్లు పడుతుంది. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఓడ గమ్యం చేరేలోగా శత్రువు మన రాజధానిని పట్టుకుంటే ఓడ పోయినట్టే, ఆటా పోయినట్టే. అందుకని ఆకాశం వైపు చూసేవాడు రాజధాని చుట్టూ గోడలు కట్టి, మంచి కాపలా పెట్టి మరీ చూడాలి. శాంతికి సైన్యం తప్పదన్న మాట ఈ ఒక్క నియమంతో ఈ ఆటల్లో స్థిరపడిపోయింది. 1996లో బ్రయన్ రెనాల్డ్స్ రూపొందించిన 'సివిలైజేషన్ 2' కూడా ఈ రెండు గెలుపులతోనే నడిచింది. ఆట మొత్తం ఒకే నగరంతో ఆడి నక్షత్రానికి చేరే పందేలు ఆ రోజుల్లోనే అభిమానుల మధ్య మొదలయ్యాయి. ఆ పందెం ఎంత పాకిందంటే నాలుగో ఆటలో అది అధికారికమైన ఐచ్ఛికంగా చేరిపోయింది.

ఓటు

స్టీవ్ బార్సియా బృందం 1993లో చేసిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్' నక్షత్ర సామ్రాజ్యాల ఆట. దీన్ని ముందుగా పరిచయం చేస్తూ పత్రికా రచయిత అలన్ ఎమ్‌రిచ్ ఈ తరహా ఆటలకు 'ఫోర్ ఎక్స్' అని పేరు పెట్టాడు. అన్వేషణ, విస్తరణ, వినియోగం, నిర్మూలన అనే నాలుగు పనులకు అది పొట్టిపేరు. నాలుగోది నిర్మూలన అయిన జాబితాలో శాంతికి చోటెక్కడ? చిత్రమేమిటంటే ఆ ఆటే శాంతి విజయానికి రెండో దారి తెరిచింది. నిర్ణీత కాలానికోసారి విశ్వసభ సమావేశమవుతుంది. జనాభాను బట్టి ఓట్లు. పెద్ద రాజ్యాల్లో మొదటి ఇద్దరు అభ్యర్థులు. మూడింట రెండొంతుల ఓట్లు తెచ్చుకున్నవాడు చక్రవర్తి.

చూడ్డానికి ప్రజాస్వామ్యం. కానీ ఓటు జనాభాను బట్టి వస్తుంది, జనాభా గ్రహాలను బట్టి, గ్రహాలు చాలాసార్లు ఆక్రమణను బట్టి. సగం విశ్వాన్ని కొల్లగొట్టి, మిగతా సగంలో ఒక స్నేహితుణ్ణి మిగుల్చుకుని, సభలో చేతులెత్తించి గెలిచినవాళ్లకు లెక్కలేదు. సభ వేరొకర్ని ఎన్నుకుంటే ఆ తీర్పును ధిక్కరించి అందరితో చివరి యుద్ధానికి దిగే వీలు కూడా ఉంది.

మైయర్, రెనాల్డ్స్, జెఫ్ బ్రిగ్స్ మైక్రోప్రోజ్ నుంచి బయటికొచ్చి 1996లో ఫిరాక్సిస్ సంస్థ పెట్టారు. రెనాల్డ్స్ సారథ్యంలో 1999లో వచ్చిన 'ఆల్ఫా సెంటారీ' పాత సివిలైజేషన్ ఎక్కడ ముగిసిందో అక్కడ మొదలవుతుంది. భూమి నుంచి వెళ్లిన ఓడలోని జనం ఏడు వర్గాలుగా చీలి కొత్త గ్రహం మీద దిగుతారు. శాంతి దారులు ఒక్కసారిగా పెరిగింది ఇందులోనే. గ్రహసభలో నాలుగింట మూడొంతుల ఓట్లతో సర్వాధినేత కావచ్చు. ప్రపంచ ఇంధన విపణిని మొత్తంగా గుప్పిట్లోకి తెచ్చుకోవచ్చు, అయితే ఆ ప్రయత్నం ప్రకటించాక 20 వంతులు నిలదొక్కుకోవాలి, ఈలోగా అందరూ మీద పడతారు. లేదంటే గ్రహచైతన్యంలో మానవజాతిని లీనం చేసే 'ఆరోహణ' పథకాన్ని పూర్తి చేయవచ్చు. ఈ చివరిది ఆటల చరిత్రలోకెల్లా వింతైన ముగింపుల్లో ఒకటి. ఐక్యరాజ్యసమితి ఆశయాలను పట్టుకుని వేలాడే శాంతిపరిరక్షక వర్గానికి నాయకుడు ప్రవీణ్ లాల్ అనే భారతీయ పాత్ర. అతని వర్గానికి సభ ఎన్నికల్లో రెట్టింపు ఓట్లు. రాయబారంతో గెలవదలచినవారు మొదట ఎంచుకునేది ఇతన్నే.

సంస్కృతి

2001లో వచ్చిన 'సివిలైజేషన్ 3' కొత్త కొలత తెచ్చింది. గుడి, గ్రంథాలయం, మహానిర్మాణం వంటివి ప్రతి వంతులోనూ కొంత సంస్కృతిని పోగుచేస్తాయి. కట్టి వెయ్యేళ్లు దాటిన భవనం రెట్టింపు ఇస్తుంది. ఒక్క నగరంలో 20,000 పాయింట్లు పోగైతే గెలుపు. రాజ్యమంతా కలిపి 1,00,000 దాటి, రెండో స్థానంలో ఉన్నవాడికి రెట్టింపు ఉన్నా గెలుపే. సంస్కృతి బలంగా ఉన్న రాజ్యం పక్కన పొరుగువాడి నగరం తనంతట తానే వచ్చి కలిసిపోయేది. ఆక్రమించిన నగరమైతే ఒక్కోసారి అందులో కాపలా ఉంచిన సైన్యంతో సహా చేజారేది. పట్టుకున్న నగరంలో పది దళాలు పెట్టి మరుసటి వంతులో చూస్తే నగరమూ లేదు, దళాలూ లేవు. ఈ దెబ్బ తిన్నవాళ్లు దాన్ని అంత తేలిగ్గా మరచిపోలేదు. అయినా ఆలోచన గొప్పది: ఆయుధం లేనివాడు ఆయుధమున్నవాణ్ణి మింగే అవకాశం తొలిసారి వచ్చింది.

దానికి విరుగుడూ వెంటనే దొరికింది. లక్ష పాయింట్లు త్వరగా చేరాలంటే నగరాలు ఎక్కువ ఉండాలి, ఎక్కువ ఉండాలంటే పొరుగువాడివి లాక్కోవాలి. లాక్కుని, అన్నింట్లో చవకగా ఒక్కో గుడి కట్టేస్తే సరి. 'సాంస్కృతిక విజయం' అని తెరమీద పడుతుంది.

సోరెన్ జాన్సన్ ప్రధాన రూపకర్తగా 2005లో వచ్చిన 'సివిలైజేషన్ 4' ఈ లోపాన్ని తెలివిగా దిద్దింది. రాజ్యం మొత్తం లెక్క తీసేసి, ఏవైనా మూడు నగరాలు ఒక్కొక్కటీ 50,000 పాయింట్లతో 'పురాణప్రసిద్ధ' స్థాయికి చేరాలని పెట్టింది (మామూలు వేగంతో ఆడే ఆటలో). విస్తరణ వల్ల ఇక పెద్ద లాభం లేదు. పైగా ఈ ఆటలో మతాలు కొత్తగా చేరాయి. ప్రతి మతానికీ వేరువేరుగా ప్రధానాలయం కట్టుకోవచ్చు, ఒక్కోటి నగర సంస్కృతిని సగం పెంచుతుంది. కనుక గెలవాలనుకునేవాడు తన రాజ్యంలోకి వీలైనన్ని మతాలను పిలిచి ఆశ్రయమివ్వాలి. పరమతసహనాన్ని నీతిగా కాక లెక్కగా చెప్పి ఒప్పించిన ఆట ఇదొక్కటే అనిపిస్తుంది. మహాకళాకారుడు పుడితే అతని కృతితో నగరానికి ఒకేసారి వేల పాయింట్లు వచ్చి పడేవి. యుద్ధాలను పూర్తిగా నిషేధించే 'ఎప్పుడూ శాంతి' అనే ఐచ్ఛికం కూడా ఇందులో ఉంది. నా లెక్కలో శాంతి విజయం అన్నింటికంటే నిజాయితీగా పనిచేసింది ఈ నాలుగో ఆటలోనే.

జాన్ షేఫర్ రూపొందించిన 'సివిలైజేషన్ 5' (2010) మొదట్లో వెనకడుగు వేసింది. సామాజిక విధానాల్లో అయిదు శాఖలు పూర్తిచేసి 'యుటోపియా ప్రాజెక్ట్' కడితే సాంస్కృతిక విజయం. నగరాలు పెరిగేకొద్దీ విధానాల ధర పెరుగుతుంది, కనుక చిన్న రాజ్యమే మేలు. కొద్ది నగరాలతో పైకి పెరగడాన్ని 'టాల్' అనీ, ఎక్కువ నగరాలతో అడ్డంగా విస్తరించడాన్ని 'వైడ్' అనీ ఆటగాళ్లు వాడే మాటలు అప్పుడే బాగా స్థిరపడ్డాయి. రాయబార విజయం మరీ పలచన. ఐక్యరాజ్యసమితి ఎన్నికలో నగరరాజ్యాలకు ఓటుంది. వాటికి బంగారం కానుకిస్తే స్నేహం, స్నేహముంటే ఓటు. ఎన్నికకు ముందు వంతులో ఖజానా విప్పినవాడు గెలిచేవాడు. ఓటుకు నోటు సంగతి మన పాఠకులకు వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

ఎడ్ బీచ్ నేతృత్వంలో 2013లో వచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' అనుబంధం సంస్కృతిని రెండుగా చీల్చింది. మనం పోగుచేసుకునే సంస్కృతి రక్షణ కవచం, పరాయివాళ్లను ఆకట్టుకునే పర్యాటకం ఆయుధం. ప్రతి ప్రత్యర్థి ఇన్నేళ్లుగా పోగుచేసుకున్న సంస్కృతి కన్నా అతని మీద మన పర్యాటక ప్రభావం పెరిగితే గెలుపు. మా జనమంతా మీ జీన్స్ తొడుక్కుని మీ పాటలే వింటున్నారని ప్రత్యర్థి రాజులు వచ్చి వాపోతారు. చిత్రాలు, గ్రంథాలు, పురావస్తువులు సేకరించి మ్యూజియంలు నింపాలి. ఈ పురావస్తువుల తవ్వకం గురించి ఒక మాట చెప్పుకోవాలి. తవ్వకాల స్థలాలు పటం మీద ఎలాపడితే అలా రావు. అదే ఆటలో వేల ఏళ్ల కిందట ఎక్కడ యుద్ధాలు జరిగాయో, ఎక్కడ ఆటవికుల శిబిరాలు కూలాయో అక్కడ వస్తాయి. శాంతితో గెలిచేవాడి మ్యూజియం పాత యుద్ధాల ఎముకలతో నిండుతుంది. ఈ ఆటల్లో ఇంతకంటే సూక్ష్మమైన వ్యంగ్యం వెతికినా దొరకదు.

గాంధీ, అణుబాంబు

శాంతి విజయం మాటెత్తగానే వచ్చే కథ ఒకటుంది. మొదటి ఆటలో భారతదేశ నాయకుడు గాంధీ. అతని దూకుడు విలువ 1 అనీ, ప్రజాస్వామ్యం స్వీకరించగానే అందులోంచి 2 తగ్గి, సున్నాకు దిగువ అంకె లేక కంప్యూటర్ దాన్ని 255గా చదివిందనీ, దాంతో అహింసామూర్తి అణుబాంబులు కురిపించాడనీ ఆ కథ. దశాబ్దాల తర్వాత, 2012 ప్రాంతంలో అంతర్జాలంలో పుట్టి పత్రికల దాకా పాకింది. మైయర్ 2020లో ప్రచురించిన ఆత్మకథలో ఇది అబద్ధమని తేల్చిచెప్పాడు, రెనాల్డ్స్‌దీ అదే మాట. ఆ కనిష్ఠ దూకుడు గాంధీ ఒక్కడిదే కాదు, ఇంకా పలువురు నాయకులకూ ఉంది. అణ్వస్త్రాలు చేతికొచ్చాక ఏ నాయకుడైనా బెదిరింపులో వాటి ప్రస్తావన తెస్తాడు. గాంధీ యుద్ధాలు మాని చదువు మీద పడతాడు కనుక ఆ విద్య అతనికి తరచు ముందే అందుతుంది. అదే మాట వేరొకరి నోట వస్తే ఎవరూ పట్టించుకోరు, ఆయన నోట వస్తే జీవితాంతం గుర్తుంటుంది.

పుకారు నిజం కాకపోయినా అణుబాంబు హాస్యం మాత్రం ఆటల్లో నిజంగానే ఉంది. ఈ కథ పుట్టకముందే అయిదో ఆటలో షేఫర్ సరదాకి గాంధీ అణ్వస్త్ర వినియోగ విలువను 10కి 12గా పెట్టాడు. ఆరో ఆటలో గాంధీ ప్రత్యేక శక్తి పేరు 'సత్యాగ్రహం': అతనితో యుద్ధానికి దిగినవాడి ప్రజలు రెట్టింపు వేగంతో యుద్ధంతో విసిగిపోతారు. నిరాయుధుడి బలాన్ని అంకెల్లోకి తెచ్చిన చక్కని నియమమది. దాని పక్కనే పాత అణుబాంబు హాస్యాన్నీ కొనసాగించారు. నవ్వు వస్తుంది గానీ, మన దేశపు ఆటగాడికి ఆ నవ్వు పూర్తిగా రాదు.

ఆరు, ఏడు

2016లో ఎడ్ బీచ్ సారథ్యంలో వచ్చిన 'సివిలైజేషన్ 6' మత విజయాన్ని చేర్చింది. ప్రతి రాజ్యంలోనూ సగానికి మించిన నగరాలు మన మతం పుచ్చుకుంటే ఆట మనదే. అయితే ప్రచారకులు ఎదురుపడితే పిడుగులు కురిపించుకుంటూ వాదులాడతారు, ఓడినవాడు మాయమైపోతాడు. పేరుకు వాదం, తీరు యుద్ధమే. 2019 నాటి 'గాదరింగ్ స్టార్మ్' అనుబంధం ప్రపంచసభను తిరిగి తెచ్చింది. తీర్మానాల్లో సరైన పక్షాన నిలిచినా, వరదలూ తుపానులూ వచ్చిన దేశాలకు సాయం పంపినా పాయింట్లు వస్తాయి, 20 చేరితే గెలుపు. మహాబోధి ఆలయం కట్టినవారికీ ఇందులో రెండు పాయింట్లున్నాయి. పరదేశాల్లో కచేరీలు చేసి పర్యాటకులను లాక్కొచ్చే రాక్ సంగీత బృందాలు కూడా ఇందులోనే చేరాయి.

ఇదే కాలంలో గట్టి విమర్శా వచ్చింది. 2018 నాటి 'రైజ్ అండ్ ఫాల్' అనుబంధంలో కెనడాకు చెందిన క్రీ జాతి నాయకుడు పౌండ్‌మేకర్‌ను చేర్చారు. శాంతికాముకుడిగా పేరుపొందిన ఆయనను 1885లో రాజద్రోహ నేరం మోపి శిక్షించారు. ఆటలో ఆయన పాత్రను స్నేహాలు, వ్యాపారం మీదే నిలబెట్టారు. అయినా పౌండ్‌మేకర్ క్రీ నేషన్‌కు చెందిన మిల్టన్ టుటూసిస్ అభ్యంతరం చెప్పాడు. భూములూ జనాలనూ వశం చేసుకోవడమే విలువైన ప్రపంచంలో తమ పూర్వీకుణ్ణి పెట్టడం వలసవాదుల కళ్లతో ఆయన్ను చూడటమేనని టుటూసిస్ వాదన సారం. ఈ విమర్శ శాంతి విజయానికీ తగులుతుంది. ఏ దారిలో వెళ్లినా ఒక్కడే గెలవాలి, మిగతావాళ్లు ఓడాలి. పక్కవాడితో కలిసి హాయిగా బతకడం ఈ ఆటల్లో గెలుపు కాదు. పౌండ్‌మేకర్‌ను నిర్దోషిగా కెనడా ప్రభుత్వం 2019 మేలో ప్రకటించింది.

ఇతర సంస్థల ప్రయత్నాలు కొన్ని ఉన్నాయి. స్టార్‌డాక్ 'గలాక్టిక్ సివిలైజేషన్స్'లో ప్రభావంతో నక్షత్రాలను తిప్పుకోవచ్చు. ఆంప్లిట్యూడ్ సంస్థ 'హ్యూమన్‌కైండ్' (2021) గెలుపు దారులన్నింటినీ తీసేసి, ఏ పని ద్వారా వచ్చినా సరే కీర్తి ఒక్కటే లెక్కన్నది. సోరెన్ జాన్సన్ తర్వాత చేసిన 'ఓల్డ్ వరల్డ్'లో రాజవంశం పెట్టుకున్న పది ఆశయాలు నెరవేరితే గెలుపు.

'సివిలైజేషన్ 7' 2025 ఫిబ్రవరి 11న వచ్చింది. విడుదలనాటికి అందులో ఆధునిక యుగంలో గెలుపు నాలుగు రకాలు: పురావస్తువులు సేకరించి ప్రపంచ ప్రదర్శన కట్టడం, మనిషిని అంతరిక్షంలోకి పంపడం, రైళ్లూ కర్మాగారాలతో సంపద పెంచి ప్రపంచ బ్యాంకు నెలకొల్పడం, నాలుగోది హైడ్రోజన్ బాంబు పరీక్ష. చివరిదాని పేరు 'ఆపరేషన్ ఐవీ', 1952లో అమెరికా నిజంగా జరిపిన పరీక్షల పేరే.

ఆట విడుదలైనప్పుడు నాయకుల్లో గాంధీ లేడు, అశోకుడున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు నేటికీ కనిపిస్తాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం తర్వాతి పశ్చాత్తాపాన్ని చెప్పి, అన్ని విజయాల్లోకీ ధర్మవిజయమే మేలైనదని ప్రకటిస్తుంది. ఆటలో మాత్రం అశోకుడు ఇద్దరు. ఒకడు ప్రపంచ విజేత, రెండోవాడు ప్రపంచ పరిత్యాగి. ఇద్దరిలో ఎవరో ఆట మొదలయ్యేటప్పుడే ఎంచుకోవాలి, మధ్యలో మారే వీలు లేదు.